ఆస్మాన్‌గఢ్ గుట్ట మీది టవరు

మా పక్క పేర్లు ఒకసారి వరసగా చదివి చూడండి. మలక్‌పేట, మూసారాంబాగ్, సైదాబాద్, సరూర్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్. దిల్‌సుఖ్ రాం అనే హిందూ భూస్వామి పేరు మీద దిల్‌సుఖ్‌నగర్ వెలిసింది. కానీ ఆ పేరులోని 'దిల్' ఫారసీ, 'సుఖ్' సంస్కృతం నుంచి వచ్చింది, 'నగర్' అందరిదీ. మూసారాంబాగ్ అనేది నిజాం కొలువులో పనిచేసి 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని మస్యే రేమాండ్ పేరు. హిందువులు ఆయన్ని మూసారాం అన్నారు, ముసల్మానులు మూసా రహీం అన్నారు. ఇద్దరూ కలిసి ఒక క్రైస్తవుణ్ణి తమవాణ్ణి చేసుకున్నారు. ఆయన సమాధి పక్కన రాతి స్తంభం ఇప్పటికీ గుట్ట మీద నిలబడే ఉంది. అక్కడికి దగ్గర్లోనే 1885లో సర్ ఆస్మాన్ జా కట్టించిన భవనం ఉంది, ఆస్మాన్‌గఢ్. ఆకాశపు కోట అని అర్థం.

అదే గుట్ట దగ్గర దూరదర్శన్ వాళ్ల టవరు లేచింది. ఈ పక్క వాళ్లకు అది ఒక అడ్రసు గుర్తు. ఆటోవాలాకి 'టీవీ టవర్' అంటే చాలు, వేరే గుర్తులు చెప్పక్కర్లేదు. స్టూడియో మూసీ అవతల రామంతాపూర్‌లో, ప్రసార స్తంభం మూసీ ఇవతల మా నెత్తి మీద. ఇప్పుడు ఎల్బీ నగర్ నుంచి మెట్రో ఎక్కి మూసారాంబాగ్ దాటేవాళ్లలో ఎంతమంది తలెత్తి దాన్ని చూస్తారో గానీ, ఒకప్పుడు ఊరంతా యాంటెన్నాలు తిప్పుకున్నది దాని వైపే. పాతబస్తీ డాబాల మీది యాంటెన్నాలు కూడా దాని వైపే తిరిగి ఉండేవి. అది మాత్రం మా వైపు తిరగలేదు. మా పేచీ అంతా ఇదే.

రేడియో నుంచి మొదలుపెడదాం. మీరు ఎలాగూ అక్కడికే తీసుకెళతారు గనక మేమే వెళతాం. 1933లో చిరాగలీ లేన్‌లో ఒక ఔత్సాహికుడు సొంతంగా మొదలుపెట్టిన స్టేషన్ని 1935లో నిజాం ప్రభుత్వం తీసుకుని దక్కన్ రేడియో చేసింది. దాని ప్రసార యంత్రం మా సరూర్‌నగర్‌లోనే ఉండేది. అంటే గాలిలోకి మాట పంపడం ఈ తూర్పు శివారుకి టీవీతో వచ్చిన విద్య కాదు. ఆ రేడియోలో ఉర్దూది పెద్దపీట. జనంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగుకి కాసిని నిమిషాలు. మరాఠీకి, కన్నడానికీ అంతే. ఉస్మానియాలో చదువు ఉర్దూలో, కోర్టు ఉర్దూలో, ఫర్మానా ఉర్దూలో. మెజారిటీ భాషను సొంతగడ్డ మీదే అతిథిని చేసిన ఏర్పాటు అది. దాన్ని మేం సమర్థించం. 1921లో వివేకవర్ధని థియేటర్లో జరిగిన సభలో ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఆ కోపం న్యాయమైంది. (ఆ రోజు గేలి చేసింది సాయిబులు కాదు, మరాఠీ పెద్దమనుషులు. ఉపన్యాసాల్లో ఈ ముక్క ఎందుకో తరచుగా జారిపోతుంటుంది.)

దక్కన్ రేడియో మైకు మా తాతల చేతిలో ఉండిందని ఎవరైనా అంటే నవ్వొస్తుంది. మా తాతలు రిక్షా లాగారు, బీడీలు చుట్టారు, దూది ఏకారు. మైకు నవాబుల చేతిలో ఉంది. 1948 సెప్టెంబరు 17న అదే రేడియోలో నిజాం తన ఓటమిని చెప్పుకున్నాడు. ఆ తర్వాత ఊళ్లలో దెబ్బలు తిన్నది మాత్రం మైకు మొహం ఎన్నడూ చూడనివాళ్లు. 1950 ఏప్రిల్ 1న దక్కన్ రేడియో ఆకాశవాణిలో కలిసిపోయింది. పెద్దపీట తెలుగుకు వచ్చింది. రావాల్సిందే. ఉర్దూకి 'నైరంగ్' మిగిలింది. దాని మీద మాకు ప్రేమే గానీ ఫిర్యాదు లేదు. కాకపోతే ఒక్క మాట అడుగుతాం. సొంతగడ్డ మీద ఒక భాషకి కాసిని నిమిషాలు విదల్చడం 1935లో అన్యాయమైతే, అదే కొలత ఇప్పుడు కూడా పట్టాలి కదా?

దూరదర్శన్ సంగతికి వద్దాం. 1975 ఆగస్టులో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2400 ఊళ్లకు టీవీ చూపించే ప్రయోగం మొదలైంది. ఏడాది పాటు నడిచింది. ఆ ఆరింట్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఎరువు ఎప్పుడు వెయ్యాలి, పసిబిడ్డకి ఏం పెట్టాలి లాంటివి రైతులకి చెప్పడానికి వచ్చిన పెట్టె అది. 1977 అక్టోబరు 23న రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి హైదరాబాదు కేంద్రాన్ని ప్రారంభించారు. 1993లో తెలుగుకి ప్రత్యేక ఉపగ్రహ చానల్ వచ్చింది. అంకెతో పిలిచేవాళ్లు, డీడీ ఎనిమిది అని. అంకెకు కులం లేదు, మతం లేదు. దాన్ని తీసేసి సప్తగిరి అన్నారు. రాష్ట్రం విడిపోయి 2014లో తెలంగాణకు వేరే చానల్ వస్తే దానికి యాదగిరి అన్నారు.

మీకిందులో ఏమీ కనిపించకపోవచ్చు. మాకు కనిపిస్తుంది. ఏడుకొండలు మా ఊరి భక్తులకు ఎంత పవిత్రమో మాకు తెలుసు. తిరుపతి వెళ్లి గుండు చేయించుకొచ్చిన పక్కింటి వాళ్లు లడ్డూ ముక్క మా ఇంట్లో పెట్టకుండా ఎప్పుడూ లేరు. యాదగిరిగుట్ట బస్సు ఉప్పల్ మీదుగా పోతుంది. ఆ కొండల మీద మాకు వైరం లేదు. కానీ భక్తి వేరు, సర్కారు వేరు. పన్నుల డబ్బుతో, అందరి గాలిని వాడుకుని నడిచే చానల్‌కి దేవుడి కొండ పేరు పెట్టినప్పుడు గదిలో కూర్చున్న పదిమంది అధికారుల్లో ఒక్కరికైనా 'ఇది అందరి పేరేనా' అని సందేహం రాలేదంటే, ఆ గదిలో ఎవరున్నారో, ఎవరు లేరో మాకు అర్థమవుతుంది.

'కొండ కొండే కదండీ, తమిళులు పొదిగై అనలేదా, మరాఠీలు సహ్యాద్రి అనలేదా' అని ఒక సీనియర్ మిత్రుడు మాతో వాదించాడు. బాగుంది. సహ్యాద్రి ఒక పర్వతశ్రేణి, దాని మీద శివాజీ కోటలూ ఉన్నాయి, ఆదివాసుల గూడేలూ ఉన్నాయి, దర్గాలూ ఉన్నాయి. భూగోళం పాఠంలో వచ్చే పేరు అది. తెలుగు నేలకి భూగోళం లేదా? గోదావరి లేదా, కృష్ణ లేదా, నల్లమల లేదా? కొండ పేరే కావాలని పట్టుబడితే టవరు లేచిన గుట్టకే ఒక పేరుంది. దానికి ఆకాశం అనే అర్థం కూడా ఉంది. ఒక టీవీ చానల్‌కి అంతకన్నా అతికే పేరు నిఘంటువు మొత్తం వెతికినా దొరకదు. డీడీ ఆస్మాన్! పెడతారా? పెట్టరు. పెడితే ఏం జరుగుతుందో బెంగుళూరు చెప్పింది.

1994 అక్టోబరులో బెంగుళూరు దూరదర్శన్ రోజూ పది నిమిషాల ఉర్దూ వార్తలు మొదలుపెట్టింది. పది నిమిషాలు. ఊరు అంటుకుంది. పాతికమంది దాకా చచ్చిపోయారు. వార్తలు ఆపేశారు. ఆ పది నిమిషాల్లో చదివింది అదే ప్రభుత్వ వార్తలు. అదే ముఖ్యమంత్రి, అదే వాన, అదే క్రికెట్టు. ఉర్దూలో వాన పడితే నేరమైపోయింది. కన్నడ మీద ప్రేమతో చేశామన్నారు. కన్నడానికి ఉర్దూ వల్ల వచ్చిన ముప్పేమిటో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

హైదరాబాదులో అలా జరగలేదు, ఇక్కడ ఉర్దూ వార్తలు వస్తూనే వచ్చాయి, ఇంకేం కావాలి మీకు అంటారు. ఇక్కడే మా అసలు పేచీ. ఉర్దూ అంటే ముస్లింల వాటా అని బెంగుళూరులో రాళ్లు విసిరినవాళ్లు అనుకున్నారు. ఉర్దూ అంటే ముస్లింల వాటా అని ఇక్కడ నిమిషాలు కొలిచి ఇచ్చినవాళ్లూ అనుకున్నారు. ఒకడు ఇవ్వొద్దన్నాడు, ఒకడు ఇంత చాలన్నాడు. లెక్క మాత్రం ఒక్కటే. ఆ లెక్క ప్రకారం మహారాజా కిషన్ పర్షాద్ 'షాద్' ఉర్దూ కవి కాకుండా పోయాడు, పాతబస్తీ కాయస్థుల ఇళ్లలో తరాల పాటు మాట్లాడిన భాష లేకుండా పోయింది. రెండోవైపు ఇంకా ఘోరం. గుంటూరు, ప్రకాశం, కర్నూలు, నల్లగొండ పల్లెల్లో ఉర్దూ ముక్క రాని ముసల్మానులు లక్షల్లో ఉన్నారు. దూదేకులవాళ్లు, నూర్‌బాషాలు. వాళ్ల ఏడుపు తెలుగు, నవ్వు తెలుగు, తిట్టు తెలుగు. వాళ్లు ఏ స్లాటులో వస్తారు? ఉర్దూ స్లాటులో భాష రాదు. తెలుగు స్లాటులో పేరు సరిపోదు.

అచ్చతెలుగులో రాసిన మొదటి కావ్యం యయాతి చరిత్రను పొన్నెగంటి తెలగన్న ఎవరికి అంకితమిచ్చాడు? అమీన్‌ఖానుకి. గోల్కొండ పాదుషా ఇబ్రహీం కుతుబ్‌షాని మల్కిభరాముడని పిలుచుకున్నది తెలుగు కవులే. బుర్రకథకు ఊపిరి పోసిన షేక్ నాజర్ ఎవరు? శ్రీరంగం గుళ్లో నాదస్వరం ఊదిన ప్రకాశం జిల్లా కరవది వాడు షేక్ చినమౌలానా ఎవరు? ఈ పేర్లన్నీ దూరదర్శన్‌కి తెలియక కాదు. జయంతికో వర్ధంతికో బయటికి తీస్తుంది. తీసి, 'మతసామరస్యానికి ప్రతీక' అని ఒక అట్ట కట్టి మళ్లీ బీరువాలో పెడుతుంది. నాజర్ సామరస్యం కోసం బుర్రకథ చెప్పలేదండీ. కడుపు కోసం, కళ కోసం, జనం కోసం చెప్పాడు.

మేం రెండు భాషల్లో వార్తలు రాసి బతికినవాళ్లం. పొద్దున ఉర్దూలో రాసిందే సాయంత్రం తెలుగులో రాసేవాళ్లం. అలా రాస్తున్నప్పుడు ఒక సంగతి పట్టుబడింది. ఉర్దూలో 'హమ్' ఒక్కటే. తెలుగులో రెండున్నాయి, మనం, మేం. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేం. ఇంత చక్కటి తేడా ఉన్న భాష మాది. టీవీలో ఇది ఎలా పనిచేస్తుందో గమనించండి. ఉగాది వస్తే 'మన పండుగ'. సంక్రాంతి వస్తే 'మన పండుగ'. దీపావళి వస్తే 'మనందరి ఇళ్లలో వెలుగులు'. రంజాన్ వచ్చేసరికి 'ముస్లిం సోదరులు అత్యంత భక్తిశ్రద్ధలతో'. సోదరులం అయ్యాం గానీ 'మనం' కాలేకపోయాం. ఆ సోదరుల మాటా అంతే. ఎన్నడూ సోదరీమణులు ఉండరు, పనిచేసే ఆడవాళ్లుండరు, బడికెళ్లే ఆడపిల్లలుండరు. చార్మినార్, హలీం బట్టీ, టోపీ, షీర్ ఖుర్మా, నమాజు వరసలు. ఇంతలో రాజకీయ నాయకుడి తల మీద ఒక తెల్లటోపీ, నోట్లో ఒక ఖర్జూరం. కట్. వచ్చే ఏడాదీ అదే. నిరుటి టేపు వేసినా ఎవరూ పోల్చుకోలేరు.

ఇక ప్రైవేటు చానళ్లు. వాటి టవరు భూమ్మీద లేదు, ఆకాశంలోనే ఉంది. 1995లో ఈటీవీ వచ్చింది. ఎల్బీ నగర్ దాటి విజయవాడ రోడ్డులో పోతే వాళ్ల ఫిల్మ్‌సిటీ. అక్కడి నుంచే 2001 ఆగస్టు 15న ఈటీవీ ఉర్దూ మొదలైంది. రోజంతా ఉర్దూ. ప్రభుత్వం తన జాతీయ ఉర్దూ చానల్‌ని పెట్టింది 2006లో, అదీ ఢిల్లీలో. తెలుగు వ్యాపారి ఒకాయన సర్కారు కన్నా ఐదేళ్లు ముందు ఉర్దూకి చూసేవాళ్లున్నారని, కొనేవాళ్లున్నారని కనిపెట్టాడు. వ్యాపారికి కనిపించింది ప్రజల టవరుకి కనిపించలేదు. తర్వాత ఆ వార్తా చానళ్లు చేతులు మారాయి. 2018లో ఆ పేరూ మారి న్యూస్18 ఉర్దూ అయింది. అంగడిలో దొరికింది అంగడిలోనే పోతుంది. అందుకే మేం అంగడిని నమ్ముకోలేం, టవరునే అడుగుతాం.

అంగడి ఇంకోటి కూడా ఇచ్చింది. 2007 మే 18న మక్కా మసీదులో జుమ్మా రోజు బాంబు పేలింది. మావాళ్లే చచ్చిపోయారు. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఇంకా కొందరు. పట్టుకుపోయిందీ మా కుర్రాళ్లనే. తెర మీద వాళ్ల పేర్లు, వాళ్ల వీధులు, ఎర్రగీతలు గీసిన వాళ్ల మొహాలు. ఏళ్లు గడిచాక కోర్టులు నిర్దోషులన్నప్పుడు ఆ ఎర్రగీతలు చెరిపే కార్యక్రమం ఏ చానల్లో ఎన్ని గంటలు వచ్చిందో చెప్పండి. ప్రభుత్వమే 2011 తర్వాత వాళ్లకి పరిహారం ఇచ్చింది, దాన్ని కూడా 2013లో హైకోర్టు కొట్టేసింది. 2013 ఫిబ్రవరి 21న మా దిల్‌సుఖ్‌నగర్‌లోనే బస్టాపు దగ్గర, మిర్చి బండి దగ్గర బాంబులు పేలాయి. పదిహేడు మందికి పైగా పోయారు. ఆ సాయంత్రం ఆ రోడ్డు మీద బజ్జీలు తిన్నవాళ్లలో మేమూ ఉండొచ్చు, మా పిల్లలూ ఉండొచ్చు. బాంబు పేరడిగి పేలదు. చేసినవాళ్ల మీద కేసు నడిచింది, 2016లో శిక్షలు పడ్డాయి, 2025లో హైకోర్టు వాటిని ఖాయం చేసింది. దాని మీద మాకు మాట్లాడ్డానికేం లేదు. చంపినవాడు చంపినవాడే. మేం మాట్లాడేది ఆ రాత్రి నుంచి మా కాలనీల్లో జరిగిన దాని గురించి.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఎన్ని కాలనీలున్నాయో లెక్కలేదు. కోచింగ్ సెంటర్లకొచ్చే పిల్లలతో, చిన్న ఉద్యోగులతో నిండిన ఇళ్లు. గేటుకి టు-లెట్ బోర్డు చూసి బెల్లు కొడతాం. మా తెలుగు బాగానే ఉంటుంది గనక అమ్మగారు నవ్వుతూ గదులు చూపిస్తారు. మంచినీళ్ల టైము చెప్తారు, అడ్వాన్సు చెప్తారు. 'ఇంతకీ మీ పేరు బాబూ?' అంటారు. చెప్తాం. 'అయ్యో, మావారు నిన్ననే ఎవరికో మాటిచ్చారట' అంటారు. బోర్డు మాత్రం నెల తర్వాత కూడా అక్కడే ఊగుతుంటుంది. ఆమె చెడ్డ మనిషి కాదు. ఆమెకు ముస్లిం పక్కింటివాళ్లు ఎప్పుడూ లేరు. ఆమెకు మమ్మల్ని పరిచయం చేసింది ఆమె హాల్లోని పెట్టె. ఆ పెట్టెలో మేం మూడు వేషాల్లోనే వస్తాం. నెలవంక చూసేవాడు, బాంబు పెట్టేవాడు, మైనరు పిల్లని అరబ్బు షేకుకి కట్టబెట్టేవాడు. నాటికైతే నాలుగో వేషం, గళ్ల లుంగీ, మెడలో తాయెత్తు, 'నీకీ మాకీ' అంటూ వచ్చీరాని తెలుగు మాట్లాడే హాస్య సాయిబు. ఈ నలుగురిలో ఎవరికని ఇల్లు అద్దెకిస్తుంది ఆమె?

తెలంగాణ మాటకూ ఒకప్పుడు ఇదే గతి. తెర మీద తెలంగాణ యాస మాట్లాడేవాడు రౌడీ, లేదంటే పనివాడు, లేదంటే జోకరు. ఆ యాసకు పోరాడి గౌరవం తెచ్చుకున్నారు. ఆ పోరాటంలో మేమూ నడిచాం. దానికి అక్క వరసయ్యే మా దక్కనీ మాత్రం ఇంకా జోకరు వేషంలోనే ఉంది. 2017లో తెలంగాణ అంతటా ఉర్దూ రెండో అధికార భాష అయింది. కాయితం మీద. ఆ ఉర్దూ కూడా లక్నో ఉర్దూయే గానీ 'నక్కో', 'హౌ' అనే మా అమ్మల భాష కాదు. ఈ విషయంలో సర్కారునే తిట్టి ఊరుకుంటే అబద్ధమవుతుంది. ఉర్దూకని ఇచ్చిన ఆ కాసిని నిమిషాల్నీ జాగీరు చేసుకుని, షేర్వానీ గుండీలు పెట్టుకుని, ఒకరి గజలుకి ఒకరు వాహ్వా చెప్పుకుంటూ కూర్చున్న మా పెద్దమనుషులు కూడా ఉన్నారు. వాళ్ల స్టూడియోలోకి బీడీలు చుట్టే ఆడది రాలేదు, పంక్చర్లు వేసేవాడు రాలేదు, దూదేకుల పిల్లవాడైతే 'నువ్వు అసలు ముసల్మానువేనా' అనే చూపు దాటి రాలేదు. సర్కారు మమ్మల్ని ఉర్దూ గదిలో పెట్టి గడియ వేస్తే, లోపలి నుంచి ఇంకో గడియ వేసింది వీళ్లే.

అడగడానికి మాకేం హక్కుందంటారా? 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు, క్రికెట్ ప్రసారాల కేసులో, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. ఆ బెంచి మీద జస్టిస్ జీవన్‌రెడ్డి ఉన్నారు, మన తెలుగాయన. 1990లో చేసి 1997లో అమల్లోకి తెచ్చిన ప్రసారభారతి చట్టం 12వ సెక్షన్ అన్ని ప్రాంతాల సంస్కృతులకు, భాషలకు చోటివ్వమంటుంది, మైనారిటీల అవసరాలు చూడమంటుంది. మేం కొత్తగా ఏమీ కోరట్లేదు, చట్టంలో రాసుకున్నదే చదివి వినిపిస్తున్నాం.

యాంటెన్నాల కాలం అయిపోయింది, ఈ పాత గొడవ ఇప్పుడెందుకు అని కూడా అంటారు. నిజమే. 2021, 2022 నాటికి దూరదర్శన్ తన పాతరకం భూతల ప్రసార యంత్రాల్ని దేశమంతటా దాదాపుగా మూసేసింది. ఇప్పుడు మాట ఇనుప స్తంభం నుంచి రాదు, డిష్షు నుంచి వస్తుంది, ఫోన్లోకి వస్తుంది. అయితే టవరు అంటే ఇనుము మాత్రమే కాదు గదా. రామంతాపూర్ స్టూడియో ఉంది, జీతాలున్నాయి, కెమెరాలున్నాయి, యాదగిరి అనే పేరుంది, అద్దెకు ఇల్లివ్వని అమ్మగారి హాల్లో పెట్టె ఉంది.

మేం అడిగేది స్లాటు కాదు. ఉర్దూ నిమిషాలు పెంచితే మంచిదే, అది భాషకి. మాకు కావాల్సింది తెలుగు కార్యక్రమాల్లోనే. వ్యవసాయం కార్యక్రమంలో మిర్చి రైతు మస్తాన్‌వలీ రావాలి, తెగులు గురించి మాట్లాడి పోవాలి, రంజాన్ గురించి కాదు. పిల్లల క్విజ్‌లో షబానా రావాలి, ఓడిపోయినా ఫర్వాలేదు. సీరియల్లో పక్కింటి సాయిబు త్యాగం చేసి చచ్చిపోకుండా, దొంగతనం చేసి దొరక్కుండా, ఊరికే పక్కింట్లో ఉండాలి. మొహర్రం వస్తే తెలంగాణ పల్లెల్లో పీర్లను ఎత్తుకునేది మాదిగలు, గొల్లలు, గౌండ్లు. గుండం చుట్టూ అలావా ఆడేది అందరూ. ఈసారి ఆ ఊళ్లకి కెమెరా పంపండి. పీరు ఎత్తుకున్నవాణ్ణి పేరడగండి, ఎన్నేళ్లుగా ఎత్తుకుంటున్నాడో అడగండి, గుండంలోకి కట్టెలు ఎవరి ఇంటి నుంచి వచ్చాయో అడగండి. 'మతసామరస్యం' అన్న మాట ఒక్కసారి కూడా వాడకుండా ఆ వార్త చదవండి. 'మన పీర్ల పండుగ' అని మొదలుపెట్టండి.